కణుజును జింక అనకండి: పెద్ద దుప్పుల పేర్లు విప్పుకునే పద్ధతి

పోయిన ఎండాకాలం మా తమ్ముడి పిల్లలిద్దరినీ నల్లమల అడవిలోని ఫర్హాబాద్ సఫారీకి తీసుకెళ్లాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటి లోపలికి పోయాక, అటవీ శాఖ వాళ్లు కట్టిన నీళ్ల సాసర్ దగ్గర ఒక పెద్ద జంతువు నిలబడి ఉంది. ముదురు గోధుమరంగు ఒళ్లు, మెడ చుట్టూ గరుకు జుట్టు, చేటల్లాంటి చెవులు, ఒక్కో కొమ్ముకు మూడేసి మొనలు, మూతి నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. చిన్నోడు "పెద్దనాన్నా, జింక!" అని అరిచాడు. పక్క సీట్లో హైదరాబాద్ నుంచి వచ్చినాయన "సాంబార్ డీర్" అన్నాడు. ముందు కూర్చున్న గైడు, చెంచు పిల్లగాడు, వెనక్కి తిరగకుండానే మెల్లగా "జింక గాదు బాబూ, కణుజు. జింకలు మక్తల్ దిక్కు చేన్లల్ల ఉంటయి" అన్నాడు. మా అమ్మ సొంతూరు పదర, ఆమె అదే జంతువును కణితి అంటుంది. రాత్రి ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే రూసా యూనికలర్ అని వచ్చింది.

ఒకే జంతువుకు అయిదు పేర్లు. "ఇందులో ఏది కరెక్ట్ పెద్దనాన్నా?" అని చిన్నోడు అడిగాడు. జింక తప్ప అన్నీ కరెక్టే. అయితే ఒక్కో పేరు ఒక్కో చోటి నుంచి, ఒక్కో మనిషి కంటి నుంచి వచ్చింది. పేరు పెట్టినవాడు ఆ జంతువులో ముందు ఏం చూశాడో అదే పేరులో మిగిలిపోతుంది. దాన్ని ఎలా బయటికి తీయాలో, ఎక్కడ మోసపోతామో, నేను కొన్నేళ్లుగా చేస్తున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. పిల్లలకు చెప్పే టీచర్లకు, అనువాదం చేసేవాళ్లకు, మామూలుగా అడవికి పోయి వచ్చేవాళ్లకు కూడా పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు జంతువును తేల్చుకోండి, పేరు సంగతి తర్వాత. మన దగ్గర ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. కొమ్ము చూడండి, చాలు. కొమ్ముకు చీలికలు ఉండి, ఏటా రాలిపోయి మళ్లీ మొలిచేదైతే అది దుప్పి జాతి. మొలిచే రోజుల్లో దానిమీద మఖమల్ లాంటి మెత్తటి తోలు ఉంటుంది, ముదిరాక చెట్లకు రుద్దుకుని ఆ తోలు వదిలించుకుంటుంది. కొమ్ము చీలకుండా, జీవితమంతా రాలకుండా ఉంటే అది జింక జాతి, అంటే ఆవు, మేకల వైపు చుట్టం. కృష్ణజింక కొమ్ములు మెలితిరిగి ఉంటాయి కానీ చీలవు, రాలవు. కణుజు, చుక్కల దుప్పి మొదటి రకం. కృష్ణజింక, మనుబోతు, కొండగొర్రె రెండో రకం. ఆడవాటికి కొమ్ములు లేకపోతే పక్కన మగది కనబడేదాకా ఆగండి.

ఇక్కడ భాష మనకు ఒక మంచి గుర్తు ఇస్తుంది. కొమ్ము, కొమ్మ, రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. తమిళంలో ఇప్పటికీ 'కొంబు' అంటే కొమ్ము అనీ, కొమ్మ అనీ రెండర్థాలూ ఉన్నాయి. రాలి మళ్లీ చిగురించే దుప్పి కొమ్మును చూస్తే ఈ రెండు మాటలు ఎందుకు కలిశాయో వేరే చెప్పక్కర్లేదు.

ఈ పరీక్ష ఎందుకంత ముఖ్యమంటే, తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో మన రాష్ట్ర జంతువుగా జింకను ప్రకటించారు, దాని శాస్త్రీయ నామం యాక్సిస్ యాక్సిస్ అని ఇచ్చారు. యాక్సిస్ యాక్సిస్ అంటే మన నల్లమల జనం దుప్పి అనే చుక్కల జంతువు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువేమో కృష్ణజింక, ఇంకో జాతి. అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో 'జింక' అనే ఒక్క మాట రెండు వేరే జంతువుల మీద ఉంది. పిల్లలు పరీక్షలో జింక అనే రాయాలి, అది అధికారిక పేరు కాబట్టి. కానీ ఆ బొమ్మలో ఉన్నది దుప్పి అని కూడా వాళ్లకు చెప్పండి, లేకపోతే రెండు తరాల తర్వాత దుప్పి అనే మాట కథల్లో కూడా మిగలదు.

జంతువు తేలాక, పేరు ఏ భాషదో చూడాలి. మన పాలమూరు, నల్లగొండ జనానికి ఇందులో ఒక సౌకర్యం ఉంది, మనం పుట్టడమే మూడు నాలుగు భాషల మధ్య పుడతాం. బజారులో ఉర్దూ వింటాం, మక్తల్, కృష్ణా వైపు వాళ్లకు కన్నడం వచ్చు, నారాయణపేటలో మరాఠీ మాట్లాడే ఇళ్లున్నాయి, పూజల్లో సంస్కృతం వింటాం. దుప్పి జాతుల పేర్లు సగం ఈ భాషల్లోనే తేలిపోతాయి.

బారాసింగా తీసుకోండి. ఉర్దూ అంకెలు వచ్చినవాళ్లకు నిఘంటువు అక్కర్లేదు. బారా అంటే పన్నెండు, సింగ్ అంటే కొమ్ము. పన్నెండు మొనల కొమ్ములున్నది అని. మధ్యప్రదేశ్ రాష్ట్ర జంతువు ఇది, కాన్హా అడవిలో దీన్ని కాపాడుకొచ్చారు. అదే లెక్కన చౌసింగా అంటే నాలుగు కొమ్ములది, అది మన నల్లమలలో ఉంది, మనవాళ్లు కొండగొర్రె అంటారు. దాని శాస్త్రీయ నామం టెట్రాసెరస్ క్వాడ్రికార్నిస్. గ్రీకులో ఒకసారి నాలుగు కొమ్ములు, లాటిన్‌లో ఇంకోసారి నాలుగు కొమ్ములు. పేరు పెట్టినవాళ్లకు ఆ కొమ్ములు తప్ప ఇంకేమీ కనబడలేదన్నమాట, నిజానికి అవి అంత విచిత్రమే, నెత్తి మీద రెండు, నుదుటి మీద రెండు.

నీల్‌గాయి కూడా అంతే, నీలం ఆవు. మగది ముదిరితే ఒళ్లు నీలం కలిసిన బూడిద రంగుకు తిరుగుతుంది, ఆడది గోధుమరంగులోనే ఉంటుంది. అంటే పేరులో రంగు మగదానిది, 'గాయి' మాత్రం ఆడమాట. మన తెలుగు పేరు మనుబోతు, ఇందులో చివరి బోతు, దున్నపోతు, మేకపోతులో ఉన్న పోతే. తెలుగువాడు దాన్ని మగదానిగా చూశాడు, హిందీవాడు ఆవుగా చూశాడు, జంతువు ఒక్కటే. ఇది దుప్పీ కాదు, ఆవూ కాదు, మన దేశంలో జింక జాతి వాటిల్లో అన్నిటికన్నా పెద్దది. దీనికి 1766లో పల్లాస్ అనే శాస్త్రవేత్త ట్రాగోకామెలస్ అని పేరు పెట్టాడు, అంటే మేక ఒంటె. తర్వాత తగిలించిన బోసెలాఫస్ అంటే ఆవు దుప్పి. ఒక్క జంతువు పేరులో ఆవు, దుప్పి, మేక, ఒంటె, నాలుగూ ఉన్నాయి.

దీన్నుంచి ఒక సూత్రం పట్టుకోవచ్చు. కొత్త జంతువు కనబడితే మనిషి ముందుగా తన దొడ్లో ఉన్నదాంతో పోలుస్తాడు. కృష్ణజింక శాస్త్రీయ నామంలో ఉన్న సెర్వికాప్రా అంటే దుప్పి మేక. కొండగొర్రెలో గొర్రె. నీల్‌గాయిలో ఆవు. కాబట్టి పేరులో పశువు కనబడితే దాన్ని పోలికగానే తీసుకోండి, చుట్టరికంగా తీసుకోవద్దు.

ఇప్పుడు కణుజు దగ్గరికి వద్దాం. సాంబార్ అనే పేరు హిందీలోని సాంబర్, దానికి సంస్కృతంలో శంబర. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో, సింహాది వర్గంలో మృగాల జాబితా ఉంటుంది, కృష్ణసారం, రురువు, న్యంకువు, రంకువు, శంబరం అని వరుసగా వస్తాయి. ప్రద్యుమ్నుడి చేతిలో చచ్చిన శంబరాసురుడి పేరు కూడా ఇదే మాట. మన కణితి, కడితి అనే మాటలకు పక్కన కన్నడం కడవె, తమిళం కడమాన్ పెట్టి చూడండి, ఒకే ఇంటి పిల్లలని చెవికే తెలుస్తుంది. అంటే శంబర ఉత్తరం నుంచి వచ్చిన పేరు, కణితి దక్షిణాది సొంత పేరు. ఇక రూసా అంటే మలయ్ భాషలో దుప్పి. ఆ భాషలోనే బాబీరూసా అని ఇంకో జంతువు ఉంది, బాబీ అంటే పంది, పంది దుప్పి అని దాని అర్థం, చూస్తే పందే. యూనికలర్ అంటే ఒకే రంగుది. చుక్కల్లేవు, చారల్లేవు, ఒళ్లంతా ఒకటే ముదురు రంగు, 1792లో ఆ పేరు పెట్టినాయన చూసింది అది.

శాస్త్రీయ నామం చూసి భయపడేవాళ్లకు ఒక మాట. అది మన పేర్ల లాగానే ఉంటుంది, ముందు ఇంటిపేరు, తర్వాత పెట్టిన పేరు. రూసా ఇంటిపేరు, యూనికలర్ పేరు. రెండో మాట చివర 'ఐ' లేదా 'యానస్' లాంటి తోక ఉంటే చాలాసార్లు అది ఒక మనిషి పేరు. బారాసింగా పేరు రుసెర్వస్ డువాసెలీ, ఆల్ఫ్రెడ్ డువాసెల్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త పేరు మీద. మణిపూర్‌లో ఉండే సంగాయ్ అనే దుప్పి పేరు ఎల్డీ, ఎల్డ్ అనే బ్రిటిష్ అధికారి పేరు మీద. అలాంటి పేరులో జంతువు గురించి ఏమీ దొరకదు, ఎవరు ఎప్పుడు అటు వచ్చారన్నది మాత్రం దొరుకుతుంది. సంగాయ్ అనే మణిపురీ పేరు దానికన్నా ఎంతో బాగుంటుంది, 'సా' అంటే జంతువు, 'ఙాయ్' అంటే ఎదురుచూడటం అని అక్కడివాళ్లు విడదీసి చెబుతారు. పరిగెత్తుతూ మధ్యలో ఆగి వెనక్కి చూస్తుందట. మన లేడికి లేచిందే పరుగు, దానికి ఆగి చూడటమే గుర్తు.

పేరు పెట్టినవాడి కన్ను ఎక్కడ పడిందో చూడమన్నాను కదా, పెద్ద దుప్పుల పేర్లలో ఆ కన్ను ఎక్కువగా నాలుగైదు చోట్లే పడుతుంది. రంగు, చుక్క, కొమ్ము, వెనకభాగం, అది చేసే పని. సంస్కృతంలో హరిణం అంటే పసుపు కలిసిన లేత రంగుది. పృషతం అంటే చుక్కలది, పృషత్ అంటే నీటిబొట్టు, చుక్కల దుప్పి వీపు మీద తెల్లమచ్చలు చూస్తే ఎవరో నీళ్లు చిలకరించినట్టే ఉంటుంది. హిందీ చీతల్ కూడా చిత్ర అనే మాట నుంచే వచ్చింది, మచ్చలున్నది అని. ఆ యాక్సిస్ అనే పేరు మాత్రం చాలా పాతది, దాదాపు రెండు వేల ఏళ్ల కింద రోమ్‌లో ప్లినీ అనే రచయిత భారతదేశపు చుక్కల జంతువు ఒకదాన్ని ఆ పేరుతో రాశాడు. లాటిన్‌లో సెర్వస్ అంటే దుప్పి, మూలంలో కొమ్ములున్నది అని, మన శృంగం అనే మాటకు దూరపు చుట్టం.

అమెరికా ఖండంలో మూలవాసులు పెట్టిన పేర్లు నాకు బాగా ఇష్టం, ఎందుకంటే అవి అడవిలో బతికినవాళ్లు పెట్టినవి. అక్కడి పెద్ద దుప్పి ఒకటి వాపిటి, షానీ భాషలో ఆ మాటకు తెల్ల పిర్రది అని అర్థం. అది పారిపోయేటప్పుడు వేటగాడికి చివరిదాకా కనబడేది ఆ తెల్లటి వెనకభాగమే. మూస్ అనే ఇంకో పెద్ద దుప్పి పేరు తూర్పు తీరపు ఆల్గాంక్విన్ భాషలది, బెరడు ఒలిచేది అని అర్థం చెబుతారు, చలికాలంలో ఆ జంతువు చెట్ల బెరడు, చివళ్లు తిని బతుకుతుంది. కారిబూ అనేది మిగ్‌మాక్ భాష మాట ఫ్రెంచి వాళ్ల నోట్లో పడి మారింది, మంచును తవ్వి తోసేది అని. కాలి గిట్టతో మంచు తోడి కింద ఉన్న నాచు లాంటి మేత తింటుంది. ఒక్క మాటలో దాని తిండి, దాని చలికాలం, దాని కాలు, అన్నీ ఉన్నాయి.

కారిబూ, రెయిన్‌డీర్ రెండూ ఒకే జాతి. రెయిన్‌డీర్‌లో రెయిన్ అంటే వాన కాదు, గుర్రపు పగ్గం అంతకన్నా కాదు. బండికి కట్టి లాగించే బొమ్మలు చూసి పగ్గం అనుకుంటారు. పాత నార్స్ భాషలో ఆ జంతువు పేరే హ్రెయిన్, దానికి డీర్ తగిలింది. దుప్పి జాతిలో ఆడదానికి కూడా మామూలుగా కొమ్ములుండేది ఇదొక్కటే.

ఇప్పుడు డీర్ అనే మాట. దీని దగ్గర కొంచెం ఆగాలి. పాత ఇంగ్లీషులో డీర్ అంటే దుప్పి కాదు, ఏ జంతువైనా డీరే. జర్మన్‌లో దీని అక్కచెల్లెలు 'టీర్' ఇవాళ్టికీ జంతువు అనే అర్థంలోనే ఉంది. ఇంగ్లీషులో వేటాడే జంతువు అని మొదలై, వేటంటే దుప్పి వేటే అయ్యేసరికి మాట ఇరుకైపోయి దుప్పి దగ్గర ఆగింది. మన మృగం కథ కూడా ఇదే దారి, సంస్కృతంలో మృగం అంటే అడవి జంతువు, మృగం అంటే దుప్పి, రెండూ. మృగయ అంటే వేట. ఆ జంతువు నడిచిన జాడే మార్గం, మనం రోజూ వాడే మార్గం అనే మాట అక్కడిదే. హిందీలో మృగ్ అంటే దుప్పి వైపు ఒరిగింది, మలయాళంలో మృగం అంటే అన్ని జంతువులూ, కన్నడంలో జూకు మృగాలయ అని బోర్డు ఉంటుంది. తెలుగులో ఏమో మృగం అంటే క్రూరజంతువు అయిపోయింది, పేపర్లో నేరవార్తలో "మృగంలా ప్రవర్తించాడు" అని రాస్తారు, గడ్డి తినే సాధుజంతువు పేరు పెట్టి. మృగరాజు అంటే సింహం కాబట్టి అక్కడ మృగం అంటే జంతువు. కస్తూరి మృగం అంటే అక్కడ దుప్పి లాంటిది. సందర్భం చూసి అర్థం తీయాలి, గుడ్డిగా ఒకటే పెట్టకూడదు.

మన పొలాల్లో కూడా ఆ దుప్పి ఉంది. మృగశిర కార్తె, మన దిక్కు మిరుగం అంటారు. జూన్ 8 దగ్గర మొదలవుతుంది. మృగశిర అంటే మృగం తల, ఆకాశంలో ఆ నక్షత్రాలు దుప్పి తలలా కనబడ్డాయి ఎవరికో. "మృగశిర చిందిస్తే ముసలి ఎద్దయినా రంకె వేస్తుంది" అంటారు. పత్తిగింజ చేతిలో పట్టుకుని మిరుగం వాన కోసం మొగులు చూసే రైతు నోట్లో ఒక దుప్పి పేరుందని పిల్లలకు చెప్పి చూడండి, వాళ్ల ముఖాలు వెలుగుతాయి.

పేరు ఊరు మారితే జంతువు మారిపోవచ్చు, ఇది అనువాదకులకు అన్నిటికన్నా పెద్ద టెన్షన్. ఎల్క్ అనే మాట యూరప్‌లో మూస్ మీద ఉంది. స్వీడన్‌లో ఎల్య్, జర్మనీలో ఎల్ష్ అని పలికేది ఆ జంతువునే, లాటిన్ పేరు ఆల్సెస్. జూలియస్ సీజర్ కూడా దాని గురించి రాశాడు, కాళ్లకు కీళ్లుండవనీ, చెట్టుకు ఆనుకుని నిద్రపోతుందనీ, చూడకుండా విన్నది రాశాడు. ఇంగ్లండులో ఆ జంతువు ఎప్పుడో అంతరించింది, పేరు మాత్రం 'చాలా పెద్ద దుప్పి' అనే మసక అర్థంతో మిగిలింది. ఆ మసక అర్థాన్ని మోసుకుని వాళ్లు అమెరికా పోయి అక్కడ వాపిటిని చూసి ఎల్క్ అన్నారు. అసలు ఎల్క్ అక్కడే ఉంది, దాన్ని మూలవాసుల మాట పట్టుకుని మూస్ అన్నారు. ఆ మసక అర్థంతోనే శ్రీలంక వచ్చి మన కణుజును కూడా ఎల్క్ అన్నారు. అంటే ఇంగ్లీషు పాఠంలో ఎల్క్ కనబడగానే, అది ఎక్కడ రాసిందో చూడండి. యూరప్ అయితే మూస్, అమెరికా అయితే వాపిటి, పాత సిలోన్ వేట కథ అయితే కణుజు.

ఫోటో ఉంటే ఇంకా సులువు. మూస్‌కు కొమ్ములు అరచేయిలా వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి, పై పెదవి వేలాడుతుంది, గొంతు కింద మన ఎద్దు గంగడోలు లాంటిది ఒకటి వేలాడుతుంది. దుప్పుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది, మగది 600 కిలోలు కూడా దాటుతుంది, మంచి దున్నపోతుకు తీసిపోదు. వాపిటి కొమ్ములు కొమ్మల్లా చీలి వెనక్కి వంగి ఉంటాయి.

ఐరిష్ ఎల్క్ అని పుస్తకాల్లో వస్తుంది, వేల ఏళ్ల కింద అంతరించినది. ఐర్లండులో మట్టిగుంటల్లో దాని కొమ్ములు చాలా దొరికాయి కాబట్టి ఆ పేరు వచ్చింది, కానీ అది యూరప్, ఆసియాలో చాలా దూరం ఉండేది, ఎల్క్ కూడా కాదు. మెగాలోసెరస్ అనే శాస్త్రీయ నామమే నిజం చెబుతుంది, పెద్ద కొమ్ములది అని. ఆ కొమ్ముల కొసల మధ్య దూరం 3 మీటర్లు దాటేది.

చైనాలో మిలూ అనే దుప్పికి ఇంకో పేరుంది, నాలుగిటినీ పోలనిది అని. ఆవు గిట్టలున్నా ఆవు కాదు, గాడిద తోక ఉన్నా గాడిద కాదు, అలా వరుసగా చెబుతారు. 1865లో ఆర్మాండ్ డేవిడ్ అనే ఫ్రెంచి మతగురువు బీజింగ్ దగ్గర చక్రవర్తి వేటతోటలో దాన్ని చూసి యూరప్‌కు తెలియజేశాడు, అందుకే దాని శాస్త్రీయ నామంలో డేవిడియానస్ అని ఉంటుంది. ఒక పేరు నాలుగు జంతువుల వైపు చూపిస్తుంది, ఇంకో పేరు ఒక మనిషి వైపు.

శబ్దం ఒకేలా ఉందని చుట్టరికం కలపడం ఇందులో పెద్ద గుంత, నేనూ పడ్డాను. చిన్నప్పుడు స్కూల్లో ఒకాయన, సాంబారు రంగులో ఉంటుంది కాబట్టి సాంబార్ దుప్పి అని చెప్పారు. ముప్పై ఏళ్లు అదే నమ్మాను, ఎంతోమంది పిల్లలకు అదే చెప్పాను కూడా. శంబర అని చూసిన రోజు చాలా బాధేసింది, ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో వెతికి చెప్పలేను కదా. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను, పాత రూపం దొరికేదాకా అర్థం ఎవరికీ చెప్పకూడదని. చీతా, చిరుత కూడా అలాగే. చీతా మచ్చల మాట, చీతల్‌కు దగ్గరి చుట్టం. చిరుతపులిలో చిరుత అంటే చిన్నది, పాత తెలుగులో చిఱుత అని బండి ఱతో రాసేవాళ్లు. కశ్మీర్ దుప్పి హంగుల్, కొరియా వాళ్ల లిపి కూడా హంగుల్, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు. మన ఊళ్ల పేర్లు కూడా జాగ్రత్త, పేరులో దుప్పి లాంటి శబ్దం వినబడగానే దుప్పుల ఊరని ఖాయం చేయకండి, పాత రికార్డుల్లో ఎలా రాశారో చూడండి.

బంగారు లేడి బొమ్మ ఒకసారి జాగ్రత్తగా చూడండి. లేడి అంటే ఆడ జింక, మగదానికి ఇర్రి అనే మంచి తెలుగు మాట ఉంది. వచ్చిన మారీచుడు మగవాడు, మనం పిలిచేది లేడి, క్యాలెండర్ బొమ్మలో గీసేది చుక్కలతో, చీలిన కొమ్ములతో మగ దుప్పి. కథకు అడ్డం కాదు, కానీ బొమ్మ చూపించి "ఇందులో ఏ జంతువుంది, దాని మాట ఏది" అని అడిగితే పిల్లలకు అరగంట మంచి పాఠం అవుతుంది.

ఇక మన ఊరి పేర్లు మీరే పోగుచేయాలనుకుంటే, పెద్దవాళ్లను అడిగేటప్పుడు పేరు ముందు చెప్పకండి. "దీన్ని కణుజు అంటారా?" అంటే పాపం మర్యాదకు అవునంటారు. ఫోటో చూపించి "పెద్దమ్మా, దీన్ని మీరేమంటరు?" అని అడిగి ఊరుకోండి. మగదానికి, ఆడదానికి, పిల్లకు వేరే మాటలున్నాయేమో విడిగా అడగండి. చెప్పిన యాస చెప్పినట్టే రాసుకోండి, దాన్ని దిద్ది పుస్తకాల తెలుగులోకి మార్చకండి. మక్తల్, మాగనూరు వైపు పోతే కన్నడం మాట కూడా అడగండి, అక్కడ కృష్ణజింకలు చేన్లలో పడి మేస్తుంటాయి కాబట్టి రైతులకు వాటి గురించి బాగా తెలుసు, కోపం కూడా ఉంటుంది, ఆ మాటలూ వినండి. చెంచుల పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో అడిగితే వేట కథలు తవ్వొద్దు, వాళ్లకు లేనిపోని ఇబ్బంది, పేర్ల కోసమే వచ్చానని ముందే చెప్పండి. అడవిలో రాలిన కొమ్ము కనబడితే ఫోటో తీసి అక్కడే వదిలేయండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది ఇంటికి తెచ్చుకునేది కాదు.

తర్వాత ఆ మాటను బ్రౌన్ నిఘంటువులో చూడండి, పక్కన కన్నడం, తమిళం మాటలు పెట్టి చూడండి, సంస్కృతం అనిపిస్తే అమరకోశం తీయండి. ఒకచోట దొరికితే నమ్మొద్దు, రెండుచోట్ల కలిస్తే రాసుకోండి.

మా చిన్నోడి నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇలా ఉంది: "కణుజు. మగది. కొమ్ముకు మూడు మొనలు. ఫర్హాబాద్, నీళ్ల సాసర్ కాడ. గైడ్ అన్న చెప్పిండు. నాయనమ్మ మాట కణితి, ఊరు పదర. జింక కాదు." కింద బొమ్మ వేశాడు, చెవులు కొమ్ములకన్నా పెద్దగా వచ్చాయి.